చేయని నేరానికి శిక్ష అనుభవిస్తున్నవాళ్ల కేసులు చూడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ఐదేళ్లుగా జిల్లా కోర్టులో క్రిమినల్ డిఫెన్స్ చేస్తున్నారు. బెయిల్ పిటిషన్లు, చెక్ బౌన్స్ కేసులతో రోజులు గడిచిపోతున్నాయి. తప్పుడు శిక్ష పడి జైల్లో ఉన్నవాళ్ల కేసులు తిరిగి పరిశీలించే పనిలోకి రావాలని ఉంది. అందుకు ప్రాక్టీసు వదిలి ఢిల్లీ వెళ్లాలా, ఎల్.ఎల్.ఎం. చేయాలా, ఈ పనితో ఇల్లు గడుస్తుందా అన్నవి మీ సందేహాలు.

ప్రాక్టీసు వదలొద్దు. ముందు ఈ మాట చెప్పి తర్వాత మిగతావి చెబుతాను. నేను ఈ వృత్తిలోకి వచ్చి 23 ఏళ్లు. మొదటి 11 ఏళ్లు ట్రయల్ కోర్టులోనే ఉన్నాను, తర్వాత హైకోర్టులో క్రిమినల్ అప్పీళ్లు. ఇప్పుడు నా టేబుల్ మీద ఉన్న ఫైళ్లలో సగం పైగా శిక్షపడిన ఖైదీలవే. ఈ పనికి కావలసిన విద్య అంతా ఆ మొదటి 11 ఏళ్లలోనే వచ్చింది. మీకు విసుగ్గా అనిపిస్తున్న ఆ కోర్టు హాల్లోనే అది ఉంది.

ఎందుకంటే క్రిమినల్ కేసు ఫైలు దానంతట అది పుట్టదు, మనుషులు తయారుచేస్తారు. ఏ కాగితం ఎప్పుడు, ఎక్కడ, ఎవరి చేతిరాతతో తయారవుతుందో తెలిసినవాళ్లకే అందులో ఎక్కడ అతుకు పడిందో కనిపిస్తుంది. మధ్యవర్తుల రిపోర్టు (పోలీసులు సాక్షుల ఎదుట రాసే పంచనామా) మీద సంతకం పెట్టిన వీఆర్వో నిజంగా ఆ చోటికి వెళ్లారా, స్టేషన్లోనే కూర్చుని సంతకం పెట్టారా అన్నది పుస్తకం చదివితే తెలియదు. అలాంటి వీఆర్వోలను ఒక ఇరవై మందిని బోనులో క్రాస్ చేస్తే, అంటే ఎదురు ప్రశ్నలు వేస్తే తెలుస్తుంది. కోర్టు కానిస్టేబుల్ టపా తెచ్చే వేళలు, బెంచి క్లర్కు ఎగ్జిబిట్లకు (సాక్ష్యంగా గుర్తుపెట్టే కాగితాలకు) నంబర్లు వేసే పద్ధతి, రిమాండ్ రిపోర్టులో పోలీసులు ఎప్పుడూ వాడే వాక్యాలు, ఇవన్నీ మీకు ఇప్పటికే కొంత తెలుసు. ఢిల్లీలో పరిశోధన చేసే చాలామంది తెలివైన పిల్లలకు ఇవి తెలియవు. మీ చేతిలో ఉన్నదాన్ని తక్కువగా చూడకండి.

నేను ఈ దారిలోకి ఎలా వచ్చానో చెప్పాలి. అది నా సొంత తప్పుతో మొదలైంది.

ప్రాక్టీసు మూడో ఏట న్యాయ సహాయం కింద ఒక హత్య కేసు ఇచ్చారు. నిందితుడు హమాలీ పని చేసుకునే కుర్రాడు. ప్రత్యక్ష సాక్షి ఒక్కరే. రాత్రి పూట, వీధిలైటు వెలుగులో చూశానని కోర్టులో చెప్పాడు. పోలీసులకు ఇచ్చిన వాంగ్మూలంలో లైటు ఊసే లేదు. అది నేను గమనించాను, సాక్షిని అడిగాను కూడా. 'పోలీసులకి చెప్పాను, వాళ్లు ఎందుకు రాయలేదో నాకు తెలీదు' అన్నాడు. నేను చేయాల్సిన రెండో పని ఒకటుంది. దర్యాప్తు అధికారి బోనులోకి వచ్చినప్పుడు 'ఈ సాక్షి మీ ముందు లైటు సంగతి చెప్పలేదు కదా' అని అడిగి రికార్డు చేయించాలి. అలా చేయిస్తేనే ఆ లోపం రుజువైనట్టు లెక్క. నేను అడగలేదు. ఆ రోజు నాకు ఇంకో కోర్టులో కేసు పిలుస్తున్నారని టెన్షన్. పదిహేను నిమిషాల్లో క్రాస్ ముగించి వెళ్లిపోయాను. యావజ్జీవం పడింది.

తీర్పు రోజు ఆ కుర్రాడి తల్లి కోర్టు వరండాలో నా చేతులు పట్టుకుని 'నువ్వు బాగానే వాదించావమ్మా' అంది. ఆ మాట తల్చుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు.

తొమ్మిదేళ్ల తర్వాత, నేను హైకోర్టుకు మారాక, ఆ అప్పీలు ఇంకా పెండింగులో ఉందని తెలిసింది. పేపర్ బుక్ (అప్పీలు కోసం కట్టిన కేసు రికార్డు) తెప్పించుకుని ముందు నుంచి చదివాను. నేరస్థలం రఫ్ స్కెచ్ ఎగ్జిబిట్‌గా మార్క్ అయి ఉంది. అందులో వేపచెట్టు ఉంది, బోరింగు ఉంది, రెండిళ్ల గుమ్మాలు ఉన్నాయి. కరెంటు స్తంభం లేదు. ఆ రాత్రి కరెంటు ఉందో లేదో సబ్‌స్టేషన్ లాగ్ పుస్తకంలో దొరుకుతుందేమోనని మనిషిని పంపితే, అంత పాత పుస్తకాలు ఎప్పుడో తీసేశారన్నారు. విచారణ సమయంలో వారం రోజుల్లో దొరికే కాగితం అది. ఆ అప్పీలు నేను వాదించలేదు. నా తప్పును నేనే తూకం వేయడం సరికాదనిపించి, ఒక సీనియర్‌కి అప్పగించి నోట్స్ రాసిచ్చాను. స్కెచ్, వాంగ్మూలం రెండూ పక్కపక్కన పెట్టి ఆయన వాదించారు. సంశయ లాభం ఇచ్చి వదిలేశారు. అప్పటికి ఆ కుర్రాడి జుట్టు సగం నెరిసింది. తల్లి లేదు.

అందుకే మీకు చెప్పేది, ఈ పనిలో మొదటి మెట్టు ఇప్పుడు మీ చేతిలో ఉన్న ట్రయల్ కేసుల్ని సరిగ్గా చేయడం. తప్పుడు శిక్ష పడ్డాక దాన్ని తీసేయడం ఎంత కష్టమో చూసినవాళ్లు ట్రయల్లో ఒక్క సాక్షిని కూడా తేలిగ్గా వదలరు.

ఇక ఫైలు ఎలా చదవాలో చెబుతాను. నేను కొంచెం ఎక్కువసేపు నిలబడేది ఇక్కడే, ఎందుకంటే ఈ పనిలో నూటికి ఎనభై పాళ్లు ఇదే.

తీర్పు ముందు చదవొద్దు. తీర్పు ఒక కథను బాగా అల్లి చెబుతుంది. అది చదివాక మీ కళ్లు కూడా ఆ కథ వెంటే నడుస్తాయి. ముందుగా ఎఫ్.ఐ.ఆర్. తీయండి. విషయం పక్కన పెట్టి, అది మెజిస్ట్రేట్‌కి ఏ తేదీన ఏ గంటకు చేరిందో దాని మీద కోర్టు రాసిన ఎండార్స్‌మెంట్ చూడండి. రాత్రి 9కి నమోదైందన్న ఎఫ్.ఐ.ఆర్. పక్క వీధిలోని మెజిస్ట్రేట్‌కి మర్నాడు సాయంత్రం చేరితే, ఆ మధ్యలో ఏం జరిగిందో అడగాలి. తర్వాత శవపంచనామా చదవండి. ప్రత్యక్ష సాక్షులున్నారని చెప్పే కేసులో శవపంచనామా నాటికి నిందితుడి పేరు ఎవరికీ తెలియకపోతే అది చిన్న విషయం కాదు. ఆ తర్వాత రిమాండ్ రిపోర్టు. పోలీసులు మొదటిసారి కోర్టుకు చెప్పిన కథ అందులో ఉంటుంది. మూడు నెలల తర్వాత వచ్చే ఛార్జిషీటులో ఆ కథ నునుపు తేలి ఉంటుంది. రెండింటినీ వరుసవారీగా పోల్చండి. ఎక్కడెక్కడ మార్చారో అక్కడక్కడ పెన్సిల్‌తో గీత పెట్టుకోండి. నా అనుభవంలో కేసుకు సంబంధించిన నిజం మొదటి మూడు రోజుల కాగితాల్లో ఉంటుంది. అప్పటికి కథ ఇంకా గట్టిపడి ఉండదు.

అరెస్టు తేదీ విషయంలో జాగ్రత్త. ఫలానా రోజు ఉదయం బస్టాండులో అనుమానాస్పదంగా తిరుగుతుండగా పట్టుకున్నామని రాసి ఉంటుంది. ఇంటివాళ్లను అడిగితే అంతకు నాలుగు రోజుల ముందే తీసుకెళ్లారంటారు. మాటకు మాట సరిపోదు, కాగితం కావాలి. ఆ నాలుగు రోజుల్లో ఇంటివాళ్లు ఎవరికైనా టెలిగ్రామో, ఫ్యాక్సో, వాట్సాప్ మెసేజో పంపారా? జైల్లో చేర్చుకునేటప్పుడు డాక్టరు ఒంటి మీది గాయాలు రాశారా? ఆ గాయాలు ఎన్ని రోజుల పాతవి? 'నిందితుడు చూపించగా స్వాధీనం చేసుకున్నాం' అన్న వస్తువు కేసును నిలబెడుతుంటే, అరెస్టు తేదీ కదిలితే ఆ స్వాధీనమూ కదులుతుంది.

తెలుగు తెలిసిన లాయర్లు మాత్రమే పట్టుకోగలిగిన ఇంకో సంగతి ఉంది. మా వైపు చాలా కోర్టుల్లో సాక్షి తెలుగులో చెబుతాడు, జడ్జిగారు ఇంగ్లీషులో డిక్టేట్ చేస్తారు. పల్లెటూరి ముసలావిడ 'వాడేనంట బాబూ' అంటుంది. ఆ 'అంట'లో ఎంత ఉందో మనకు తెలుసు. ఆమె చూడలేదు, ఎవరో అంటే విన్నది. ఇంగ్లీషులోకి వెళ్లేసరికి 'అంట' ఊడిపోయి 'అతనే' అని మిగులుతుంది. 'చూసినట్టే ఉంది' అన్నది 'చూశాను' అయిపోతుంది. అప్పీలులో ఇంగ్లీషు డిపోజిషన్ (కోర్టు రాసుకున్న సాక్ష్యం) ఒక్కటే చదివేవాళ్లకు ఇది కనపడదు. పోలీసు వాంగ్మూలాలు తెలుగులో ఉంటాయి కాబట్టి వాటితో పోల్చి చూడండి. ముగ్గురు సాక్షుల వాంగ్మూలాల్లో ఒకే వాక్యం, అదే అక్షరదోషంతో సహా కనిపిస్తే ఆ ముగ్గురూ విడివిడిగా మాట్లాడారని నమ్మడం కష్టం. కోర్టులో ఉన్నప్పుడే ఇలాంటి మాట జారిపోతుంటే లేచి, సాక్షి అన్న తెలుగు మాటనే యథాతథంగా రాయమని మర్యాదగా అడగండి. చాలామంది జడ్జిలు రాస్తారు. రేపు ఆ కేసు చూసే ఇంకొకరికి మీరు చేసే పెద్ద మేలు అది.

ఫైల్లో ఉన్నవాటి కంటే లేనివి ఇంకా ముఖ్యం. మహారాష్ట్రలోని అంకుష్ మారుతి షిండే కేసు తప్పకుండా చదవండి. 2003లో జరిగిన ఘోరమైన నేరం. సంచార జాతికి చెందిన ఆరుగురు పేదవాళ్లను ముద్దాయిలుగా పెట్టారు. హైకోర్టు ముగ్గురికి ఉరిని యావజ్జీవంగా తగ్గిస్తే, 2009లో సుప్రీంకోర్టు ఆరుగురికీ ఉరి ఖాయం చేసింది. అదే సుప్రీంకోర్టు 2019 మార్చిలో రివ్యూలో, అంటే తన తీర్పును తానే మళ్లీ చూసి, ఆరుగురినీ నిర్దోషులుగా వదిలింది. దాడి నుంచి బతికి బయటపడ్డ సాక్షి పోలీసుల ఫొటో ఆల్బమ్ చూసి వేరే నలుగురిని గుర్తించింది. ఆ సంగతిని ప్రాసిక్యూషన్ తొక్కిపెట్టింది, ఆ నలుగురి మీద దర్యాప్తే చేయలేదు. 16 ఏళ్లు జైల్లో పోయాయి. ఒక్కొక్కరికి 5 లక్షల రూపాయలు ఇవ్వమని కోర్టు ఆదేశించింది. దేశంలో అత్యున్నత న్యాయస్థానం ఖరారు చేశాక కూడా తప్పు ఉండవచ్చని ఒప్పుకున్న తీర్పు అది. ప్రాసిక్యూషన్ తాను ఆధారపడని కాగితాల జాబితా కూడా నిందితుడికి ఇవ్వాలని 2021లో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. మీ ట్రయల్ కేసుల్లో ఆ జాబితా అడుగుతున్నారా? అడగకపోతే రేపటి నుంచి అడగండి.

మన విజయవాడ కేసు మీకు తెలిసే ఉంటుంది. 2007 డిసెంబరులో ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఒక ఫార్మసీ విద్యార్థిని హత్య జరిగింది. ఆ అమ్మాయి పేరు నేను రాయను. పత్రికల్లో ఎన్నిసార్లు వచ్చినా సరే, లైంగిక నేరాల్లో బాధితుల పేరు రాయకూడదని చట్టం ఉంది, మీరు కూడా ఈ అలవాటు చేసుకోండి. 2010లో సెషన్స్ కోర్టు ఒక పేద యువకుడికి శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైదరాబాద్‌లోని అప్పటి ఉమ్మడి హైకోర్టు అతన్ని నిర్దోషిగా విడిచిపెట్టింది. ఎనిమిదేళ్లకు పైగా జైల్లో ఉన్నాడు. 2018లో హైకోర్టు దర్యాప్తును సి.బి.ఐ.కి అప్పగించింది. ఈ కేసులో నన్ను కదిలించేది ఆ అమ్మాయి తల్లిదండ్రుల మాట. ఈ అబ్బాయి చేసి ఉండడని వాళ్లు మొదటి నుంచీ అంటూనే వచ్చారు. ఈ పనిలోకి వస్తే మీరు బాధితులకు వ్యతిరేకమని కొందరు అంటారు. వాళ్లకు ఈ కేసు చెప్పండి. తప్పు మనిషికి శిక్ష పడితే ఆ తల్లిదండ్రులకు దక్కింది ఏమిటి?

ఇప్పుడు చట్టం సంగతి. ఇక్కడ మీ ఆశలు కొంచెం సర్దుకోవాలి. అమెరికాలో 1992లో బ్యారీ షెక్, పీటర్ న్యూఫెల్డ్ న్యూయార్క్‌లో ఇన్నోసెన్స్ ప్రాజెక్ట్ మొదలుపెట్టారు. డి.ఎన్.ఏ. పరీక్షలతో పాత శిక్షల్ని రద్దు చేయించారు. బ్రిటన్‌లో 1997 నుంచి ఇందుకోసమే ఒక కమిషన్ పనిచేస్తోంది. అప్పీళ్లన్నీ అయిపోయిన కేసును కూడా పరిశీలించి మళ్లీ అప్పీలు కోర్టుకు పంపే అధికారం దానికి ఉంది. మనకు అలాంటి తలుపు లేదు. సంతకం పెట్టిన తీర్పును క్రిమినల్ కోర్టు మార్చకూడదని పాత క్రిమినల్ ప్రొసీజర్ చట్టం సి.ఆర్.పి.సి.లో సెక్షన్ 362 చెప్పింది, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన బి.ఎన్.ఎస్.ఎస్.లో సెక్షన్ 403 అదే చెబుతోంది. హైకోర్టు అప్పీలు కొట్టేశాక కొత్త సాక్ష్యం దొరికిందని మళ్లీ అదే హైకోర్టుకు వెళ్లడానికి దారి దాదాపు లేదు.

కాబట్టి మన దేశంలో ఈ పని చేయదలిచినవాళ్లకు బంగారం లాంటి సమయం మొదటి అప్పీలు. అక్కడ హైకోర్టు వాస్తవాలన్నీ మళ్లీ తూచి చూడగలదు. అదనపు సాక్ష్యం తీసుకునే అధికారం కూడా అప్పీలు కోర్టుకు ఉంది. పాత సెక్షన్ 391, ఇప్పుడు 432. చాలామంది లాయర్లు ఈ సెక్షన్ ఉందన్న సంగతే మరిచిపోయి, ఉన్న రికార్డు మీదే వాదించి కూర్చుంటారు. ట్రయల్లో రాని ఆసుపత్రి రికార్డు, ఫోను లొకేషన్, హాజరుపట్టీ ఏదైనా దొరికితే ఈ సెక్షన్ కింద పిటిషన్ వేయండి. ట్రయల్లో ఎందుకు తేలేకపోయారో కారణం గట్టిగా చూపించాలి. పేదవాడు, జైల్లో ఉన్నాడు, తిరిగేవాళ్లు లేరు అన్నది నిజమైన కారణమే. దాన్ని సిగ్గుపడకుండా వివరంగా అఫిడవిట్‌లో రాయండి.

మొదటి అప్పీలు దాటాక సుప్రీంకోర్టులో స్పెషల్ లీవ్ పిటిషన్ (అప్పీలుకు ప్రత్యేక అనుమతి కోరేది), రివ్యూ, రివ్యూ కూడా పోయాక ఆఖర్న క్యూరేటివ్ పిటిషన్ ఉంటాయి. మెట్టు మెట్టుకీ దారి సన్నబడిపోతుంది. అయినా మూసుకుపోదు. నోయిడా దగ్గర నిఠారీలో జరిగిన వరుస హత్యల కేసుల్లో మిగిలిన ఒక్క శిక్షను 2025 నవంబరులో సుప్రీంకోర్టు క్యూరేటివ్ పిటిషన్ మీదే రద్దు చేసింది. క్షమాభిక్ష పిటిషన్ అంటే జాలి కోసం వేడుకోవడమే అనుకుంటారు చాలామంది. సాక్ష్యాన్ని స్వయంగా పరిశీలించి కోర్టుకు భిన్నమైన అభిప్రాయానికి రావడానికి రాష్ట్రపతికి అధికారం ఉందని 1988లో కేహర్ సింగ్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. అంటే ఆ పిటిషన్‌లో కూడా సాక్ష్యంలోని లోపాలను రాయవచ్చు, రాయాలి.

ఎప్పటికీ మూసుకోని తలుపు ఒకటుంది, వయసు. నేరం జరిగిన నాటికి 18 నిండలేదన్న వాదన ఏ దశలోనైనా, కేసు పూర్తిగా ముగిశాక కూడా లేవనెత్తవచ్చని బాలల న్యాయ చట్టం చెబుతోంది. 1994 నాటి పుణె హత్యల కేసులో ఉరిశిక్ష పడిన ఒకతను నేరం నాటికి పన్నెండున్నరేళ్లవాడని 2023 మార్చిలో సుప్రీంకోర్టు తేల్చింది. అప్పటికి 28 ఏళ్లు జైల్లో ఉన్నాడు. ఆధారం రాజస్థాన్‌లోని ఒక ఊరి బడి రిజిస్టరు. కోర్టు రికార్డుల్లో పేరు ఒకలా, బడి రిజిస్టరులో ఇంకోలా ఉంది. ఇద్దరూ ఒకరేనని నిరూపించడానికే చాలా శ్రమ పట్టింది. జైలుకు వెళ్లినప్పుడు కుర్రతనంలో అరెస్టయిన ప్రతి ఖైదీనీ నేను అడిగేది, 'ఏ బడిలో చేరావు నాయనా, ఎన్నో తరగతిదాకా చదివావు?' అనే. ఆ తర్వాత ఆ ఊరి హెడ్‌మాస్టరుకి ఉత్తరం రాస్తాను. పది ఉత్తరాలకు ఒక జవాబు వస్తుంది. ఆ ఒక్కటీ చాలు.

అన్నింటికంటే ఎక్కువ మందిని జైల్లో మగ్గబెడుతున్నది కుట్రలు కాదు, నిర్లక్ష్యం. ఉత్తరప్రదేశ్ లలిత్‌పూర్‌కి చెందిన ఒక వ్యక్తిని 2021 జనవరిలో అలహాబాద్ హైకోర్టు నిర్దోషిగా విడిచిపెట్టింది. దాదాపు 20 ఏళ్ల జైలు తర్వాత. అతను జైలు నుంచి వేసుకున్న అప్పీలు 16 ఏళ్లు డిఫెక్టుల్లోనే, అంటే కాగితాల్లో లోపాలు సరిచేయక, పడి ఉందని కోర్టే రాసింది. మధ్యప్రదేశ్‌లో 2013లో ఒక ఉరిశిక్ష కేసులో న్యాయ సహాయ లాయరును నియమించిన రోజే అభియోగాలు కూడా ఖరారు చేశారు, రెండు వారాల్లోపే తీర్పు వచ్చేసింది. 2019లో సుప్రీంకోర్టు ఆ అనోఖీలాల్ కేసులో శిక్ష కొట్టేసి మొదటి నుంచి విచారించమంది. ఉరి, యావజ్జీవం పడే కేసుల్లో అమికస్‌గా (కోర్టే నియమించే సహాయకుడిగా) పెట్టే లాయరుకు కనీసం 10 ఏళ్ల అనుభవం ఉండాలని, సిద్ధం కావడానికి సాధారణంగా కనీసం ఏడు రోజులు ఇవ్వాలని చెప్పింది. మళ్లీ జరిగిన విచారణలో 2024లో అతను నిర్దోషిగా బయటికొచ్చాడు. నేను మూడో ఏట హత్య కేసు చేశానని పైన చెప్పాను కదా. ఈ తీర్పు చదివిన రోజు చాలాసేపు ఆ కుర్రాడి గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను.

దారి ఎలా వేసుకోవాలి అన్నదానికి వస్తాను. 2022లో జాతీయ న్యాయ సేవాధికార సంస్థ (నల్సా) తెచ్చిన లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ పద్ధతి, అంటే పేద నిందితుల కోసం పూర్తికాలం లాయర్లను పెట్టే పద్ధతి, ఇప్పుడు చాలా జిల్లాల్లో ఉంది. చీఫ్ పోస్టుకు క్రిమినల్ ప్రాక్టీసులో పదేళ్లు, డిప్యూటీకి ఏడేళ్లు కావాలి. నెలనెలా గౌరవ వేతనం వస్తుంది, బయటి కేసులు చేయకూడదు. మీకు ఐదేళ్లే కాబట్టి డిప్యూటీకి ఇంకో రెండేళ్లు ఆగాలి. ఆ రెండేళ్లు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ప్యానెల్లో చేరి జైలు క్లినిక్‌కి వెళ్లండి. సమాంతరంగా హైకోర్టులో అప్పీళ్లు చేసే ఒక సీనియర్ దగ్గర నెలకు రెండు మూడు రోజులైనా పనిచేయండి. పేపర్ బుక్ చదివి తేదీల పట్టిక తయారుచేసిచ్చే జూనియర్‌ను ఏ సీనియరూ వద్దనరు. తర్వాత హైకోర్టు లీగల్ సర్వీసెస్ కమిటీ ప్యానెల్. అక్కడ వచ్చే జైలు అప్పీళ్లు చాలామందికి భారం, మీకు అదే పాఠశాల.

ఎల్.ఎల్.ఎం. అక్కర్లేదు. మీకు బోధన కూడా ఇష్టమైతే చేయండి, ఈ పని కోసమైతే వద్దు. దానికి బదులు ఫోరెన్సిక్స్ నేర్చుకోండి. పోస్ట్‌మార్టమ్ రిపోర్టులో గాయాల వర్ణన, చనిపోయిన సమయం అంచనా, డి.ఎన్.ఏ. నమూనా ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి ఎప్పుడు వెళ్లింది, సీలు సరిగా ఉందా అన్నవి మీరే స్వయంగా చదివి అర్థం చేసుకోగలగాలి. ఫోరెన్సిక్ మెడిసిన్ ప్రొఫెసర్లు అడిగితే ఓపిగ్గా చెబుతారు. నాకు ఒక రిటైర్డ్ ప్రొఫెసర్ గారు ఆదివారాలు ఇంటికి పిలిచి నేర్పారు, పైసా తీసుకోలేదు. ఢిల్లీ వెళ్లాల్సిన అవసరం కూడా ఇప్పుడు తగ్గింది. ఉరిశిక్ష కేసుల్లో పేరున్న ప్రాజెక్ట్ 39ఏ బృందం ఇప్పుడు హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలో స్క్వేర్ సర్కిల్ క్లినిక్ పేరుతో పనిచేస్తోంది. వాళ్ల పుస్తకాలు, శిక్షణలు చూడండి.

డబ్బు గురించి దాచకుండా చెబుతాను. ఈ కేసులు ఒక్కటే పెట్టుకుంటే ఇల్లు గడవదు. శిక్షపడిన ఖైదీ కుటుంబం అప్పటికే ఉన్న అరెకరం అమ్మేసి ఉంటుంది. వాళ్ల దగ్గర ఫీజు అడగడానికి నోరు రాదు. నేను వారంలో నాలుగు రోజులు మామూలు ఫీజు కేసులు చేస్తాను, రెండు రోజులు ఇవి. నా గుమాస్తా జీతం, కాపీల ఖర్చు, జైలుకు తిరిగే ఖర్చు మొదటి నాలుగు రోజుల సంపాదన నుంచే వస్తాయి. మీ ఇంట్లో ఇద్దరూ సంపాదిస్తుంటే కొంత ఊపిరి ఆడుతుంది. లేకపోతే అప్పు చేసి మాత్రం ఇందులోకి రావొద్దు. అప్పుల్లో ఉన్న లాయరు తొందరపడతారు, తొందర ఈ ఫైళ్లకు పనికిరాదు. పరిహారంలో వాటా వస్తుందన్న ఆశ అసలే పెట్టుకోవద్దు. మన లాయర్ల నియమాల ప్రకారం అలాంటి ఒప్పందమే తప్పు. పైగా పరిహారమే ఎక్కడా నిలకడగా లేదు. లా కమిషన్ 2018లో 277వ నివేదికలో తప్పుడు ప్రాసిక్యూషన్లకు పరిహారం ఇచ్చే పద్ధతిని చట్టంలో పెట్టమని చెప్పింది. 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం బి.ఎన్.ఎస్.ఎస్.లో అది లేదు. బయటికొచ్చినవాళ్లకు మనం ఇప్పించగలిగింది చాలాసార్లు ఆధార్ కార్డు, రేషన్ కార్డు, ఏదో ఒక చిన్న పని. అవి కూడా మన పనిలో భాగమే అనుకోండి.

జైల్లో ఉన్న ప్రతివారూ నిర్దోషి అంటారు. అందరినీ నమ్మలేం, అందరినీ అనుమానించనూలేం. నేను 'నువ్వు చేశావా' అని మొదట అడగను. 'ఆ రోజు పొద్దున లేచినప్పటి నుంచి చెప్పు, తర్వాత మూడు రోజులూ చెప్పు' అంటాను. చెప్పినదాంట్లో కాగితంతో సరిచూడగలిగినవి ఏమున్నాయో రాసుకుంటాను. పది ఫైళ్లు చదివితే ఏడెనిమిదింట్లో నాకేమీ దొరకదు. దొరకలేదని వాళ్ల ముఖం మీద చెప్పడం ఈ వృత్తిలో నాకు అన్నింటికంటే కష్టమైన పని. అయినా ఉత్తరం రాసి ఊరుకోను, ములాఖత్‌కి వెళ్లి చెబుతాను. 'చూద్దాం' అనే మాట వాడను. జైల్లో 'చూద్దాం' అన్న మాటను పట్టుకుని మనిషి ఐదేళ్లు బతుకుతాడు.

వచ్చే నెల కోసం ఆగకండి. ఈ వారంలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శిని కలిసి, మీ జిల్లా నుంచి శిక్షపడి సెంట్రల్ జైల్లో ఉన్నవాళ్లలో అప్పీలు అసలు వేయనివాళ్లు ఎంతమంది ఉన్నారో జాబితా అడగండి. హైకోర్టుకు అప్పీలు గడువు 60 రోజులు, ఉరిశిక్ష అయితే 30 రోజులే. గడువు దాటినా ఆలస్యాన్ని మన్నించమని అడగవచ్చు, జైల్లో ఉన్నవాళ్ల విషయంలో హైకోర్టులు సాధారణంగా పట్టుబట్టవు. ఆ జాబితాలోంచి ఒక్క పేరు తీసుకోండి. తీర్పు కాపీ అతని దగ్గర ఉందో లేదో కనుక్కోండి, ఉచితంగా ఇవ్వాల్సిన కాపీ అది. వకాలత్ ఫారాలు రెండు, తెల్లకాగితాలు, ఇంక్ ప్యాడ్ వెంట తీసుకెళ్లండి. చాలామందికి సంతకం రాదు, జైలు ఆఫీసులో ప్యాడ్ ఎప్పుడూ ఎండిపోయి ఉంటుంది.